దగ్గు మందు కొనే ముందు

మన కళాశాలలో రెండు భాషలవారమూ కలిసి చదువుకుంటున్నాము కనుక, ఉర్దూ మాట్లాడే ఇండ్లలో వినవచ్చే ఒక సామెతతో ఈ వ్యాసాన్ని ఆరంభిస్తున్నాను. “లడాయీ కీ జడ్ హాఁసీ, రోగ్ కీ జడ్ ఖాఁసీ” అంటారు పెద్దలు. కలహానికి మూలం పరిహాసం, రోగానికి మూలం దగ్గు అని దాని భావం. మొదటి సగంతో ఎవరికీ పేచీ ఉండదు. రెండవ సగాన్ని మాత్రం వైద్యశాస్త్రం సవరించింది. దగ్గు రోగానికి మూలం కాదు. అది రోగం యొక్క లక్షణం.

శ్వాసనాళాలలో దుమ్ముగాని, పొగగాని, కఫంగాని చేరినప్పుడు అక్కడి నరాలు మెదడుకు వార్త పంపుతాయి. వెంటనే ఛాతీ కండరాలు బిగిసి, గాలి మహావేగంతో వెలువడి, ఆ మలినాన్ని బయటకు నెట్టివేస్తుంది. కావున దగ్గు శరీరానికి కావలివాడు వంటిది. కావలివాని నోరు నొక్కే ముందు, అతడు ఎవరిని చూచి కేక వేస్తున్నాడో తెలుసుకొనడం వివేకం.

దగ్గు ముఖ్యంగా రెండు విధాలు: కఫం పడని పొడి దగ్గు, కఫం పడే దగ్గు. పొడి దగ్గు నిద్రకు భంగం కలిగించినప్పుడు డెక్స్ట్రోమెథార్ఫాన్ వంటి మందు దగ్గు వేగాన్ని కొంత అణచవచ్చు. కఫం పడే దగ్గులో దానిని వాడితే బయటకు పోవలసిన కఫం లోపలే నిలుస్తుంది. అట్టి దగ్గుకు కఫాన్ని పలుచన చేసే గ్వాయిఫెనెసిన్, బ్రోమ్‌హెక్సిన్, ఆంబ్రాక్సాల్ వంటివి ఉన్నాయి. క్లోర్‌ఫెనిరమిన్ తుమ్ములను, ముక్కు కారడాన్ని తగ్గిస్తుంది, కాని మత్తు కలిగిస్తుంది. పరీక్ష నాటి ఉదయం దానిని త్రాగినవాడు ప్రశ్నపత్రం ముందు కునికిపాట్లు పడవలసిందే! కోడీన్ గల మందును వైద్యుని చీటీ లేకుండా కొనరాదు. అది వ్యసనంగా మారగలదు.

కొన్ని సీసాలలో దగ్గును అణచే మందు, కఫాన్ని వెలువరించే మందు రెండూ కలిసే ఉంటాయి. బండికి ముందొక ఎద్దును, వెనుకొక ఎద్దును కట్టినట్లన్నమాట. కావున పేరును, రంగును చూచి మోసపోక, సీసాపై చిన్న అక్షరాలలో ఉన్న మందుల పేర్లను చదవాలి. పారాసిటమాల్ కలిసిన జలుబు మందు వాడుతూ, జ్వరానికి మరల పారాసిటమాల్ బిళ్ళ వేసుకుంటే మోతాదు రెట్టింపవుతుంది, కాలేయానికి ముప్పు. వంటింటి చెంచాలు ఒకే కొలతవి కావు కనుక మూతపై గీతలను బట్టి మిల్లీలీటర్లలో కొలవాలి. మధుమేహం గలవారు చక్కెర పాకాన్ని గమనించాలి. రక్తపోటుకు ఎనలాప్రిల్, రామిప్రిల్ వాడేవారికి ఆ మందు వలననే పొడి దగ్గు రావచ్చు.

పసిపిల్లల విషయం వేరు. 2022లో గాంబియా దేశంలోను, 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడా జిల్లాలోను డైఎథిలీన్ గ్లైకాల్ అనే విషం కలిసిన మందులు త్రాగి, మూత్రపిండాలు చెడి ఎందరో పసివారు మరణించారు. ఆ విషం కంటికి కనబడదు, నాలుకకు తెలియదు. రెండేళ్ళలోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు ఇవ్వరాదని 2025 అక్టోబరులో కేంద్ర ఆరోగ్యశాఖ సూచించింది. ఐదేళ్ళలోపు వారికి కూడా సాధారణంగా అవి తగవని తెలిపింది.

జలుబుతో వచ్చిన దగ్గు చాలావరకు దానంతటదే తగ్గుతుంది. మిరియాల కషాయం, జోషాందా, ఉప్పునీటి పుక్కిలింత గొంతుకు హాయినిస్తాయి. తేనె మంచిదే, కాని ఏడాది నిండని శిశువుకు పెట్టరాదు. ములేఠీ అన్నా అతిమధురమన్నా ఒకటే; అది మితిమీరితే రక్తపోటు పెరుగుతుంది.

చివరిగా ఒక అనుభవం. వసతిగృహంలో నా గది మిత్రుడొకడు రెండు నెలలు దగ్గుతూ, సీసా తరువాత సీసా కొన్నాడు. సాయంకాలపు జ్వరాన్ని అలసట అన్నాడు. వదులైన చొక్కాను చూచి నవ్వుకున్నాడు. కఫం పరీక్ష చేయిస్తే క్షయ అని తేలింది. ప్రభుత్వ వైద్యశాలలో ఉచితంగా మందులిచ్చారు. ఆరు నెలలు తప్పక వాడి కోలుకున్నాడు. ఆ సీసాలు అతని దగ్గును దాచినవే కాని, వ్యాధిని తాకలేదు. అతని ప్రక్కన పడుకున్న మేమందరమూ ఆ రెండు నెలలు అదే గాలి పీల్చాము.

మిత్రులారా! దగ్గు రెండు వారాలు దాటినా, కఫంలో రక్తం కనబడినా, ఆయాసం, ఛాతీ నొప్పి, సాయంకాలపు జ్వరం, బరువు తగ్గడం తోడైనా మందుల దుకాణాన్ని దాటి వైద్యశాలకు నడవండి. అది భయం కాదు. తన యెడలను, తోటివారి యెడలను నెరవేర్చవలసిన బాధ్యత.