అంబాసిడరా? మారుతి 800నా? మా ఇంట్లో తేల్చింది అమ్మే!

సంక్రాంతికి తెనాలి వెళ్లా. కనుమ మర్నాడు నాన్న అసలు సంగతి బయటపెట్టారు. ‘‘షెడ్డు తీసేసి పై వాటాకి మెట్లు కట్టించాలిరా. రెండు కార్లలో ఒక్కదానికే చోటు. ఏది ఉంచాలో నువ్వే చెప్పు.’’

ఒకటి తాతయ్య 1984లో కొన్న అంబాసిడర్. రెండోది నాన్న 1996లో కొన్న మారుతి 800. రోజంతా కోడ్‌లో తప్పులు వెతికే నాకు ఇదో లెక్కా? రెండూ నడిపి చూసి తేల్చేద్దామని తాళాలు తీసుకున్నా.

ముందు అంబాసిడర్. బ్రిటన్‌ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ డిజైన్‌తో హిందుస్థాన్ మోటార్స్ 1950ల చివర్లో మొదలుపెట్టిన బండి ఇది. గేరు రాడ్డు కింద ఉండదు, స్టీరింగ్ పక్కనే. పవర్ స్టీరింగ్ లేదు కదా, మా సందు మలుపు తిప్పేసరికి భుజాలు పట్టేశాయి. ఇంజిన్ 1489 సీసీ అయినా పరిగెత్తదు, తాపీగా కదులుతుంది. కానీ బానెట్ ఎత్తితే అన్నీ కళ్లముందే, చెయ్యి పట్టేంత ఖాళీతో! అందుకే ఏ ఊళ్లో ఆగినా అక్కడి మెకానిక్కే బాగుచేసి పంపేవాడట. ఆఖర్న వెనక సీట్లో కూర్చున్నా. సోఫాలా ఉంది. తాతయ్యకి డ్రైవింగ్ రాదు. ఆయన కారంతా ఈ సీటే!

తర్వాత మారుతి. 1983 డిసెంబరు 14న ఇందిరా గాంధీ చేతుల మీదుగా మొదటి కారు తాళాలు అందుకున్న మోడల్ ఇది. మూడు సిలిండర్లు, 796 సీసీ. అంబాసిడర్‌లో ఇంజిన్ శక్తి వెనక చక్రాలకు వెళ్తుంది. ఇందులో ముందు చక్రాలకే. వెనక్కి పొడవాటి షాఫ్ట్ అక్కర్లేదు, బండి తేలిక. అదే సందులో చకచకా తిరిగేసింది. వెనక కూర్చుంటే మాత్రం మోకాళ్లు ముందు సీటుకి తగిలాయి. దీన్లో హాయి అంతా నడిపేవాళ్లదే.

‘అంబాసిడరే ఉంచుదాం, దర్జాగా ఉంటుంది’ అనబోతున్నా. గుమ్మంలో నించున్న అమ్మ అంది... ‘‘తాతయ్య కారు స్టీరింగ్ నన్నెప్పుడూ ముట్టుకోనివ్వలేదురా. నేను నేర్చుకున్నది ఈ మారుతిలోనే. నీకు మూడేళ్లప్పుడు జ్వరంతో ఫిట్స్ వచ్చాయి. మీ నాన్న ఊళ్లో లేరు. అర్ధరాత్రి నేనే గుంటూరు తీసుకెళ్లా.’’

ఆ మాట నాకు అప్పటిదాకా తెలీదు. ఇంక నా లెక్కలేవీ పనిచేయలేదు.

విచిత్రం ఏంటంటే, ఈ రెండు కార్ల తయారీ ఆగింది ఒకే ఏడాది, 2014లో. మా ఇంట్లో మాత్రం మారుతి ఉంటోంది. అంబాసిడర్‌ని, ఇన్నేళ్లూ దాన్ని బాగుచేసిన మెకానిక్ బాబాయే తీసుకున్నాడు. తుక్కుకి వేయనని మాటిచ్చాడు.

బండి పంపే రోజు నాన్న ఏమీ మాట్లాడలేదు. వెనక డోరు తీసి, తాతయ్య కూర్చునే వైపే కూర్చున్నారు. బాబాయి ఆయన్ని బస్టాండు దాకా తిప్పి తీసుకొచ్చి, మళ్లీ ఇంటి ముందు దింపి వెళ్లాడు.