మీకు తెలుసా? తిరుగుబాటుదారుల వంశవృక్షం

1922 జూన్ 30న డబ్లిన్‌లోని ఫోర్ కోర్ట్స్‌లో దస్తావేజుల భవనం కాలిపోయింది. 1821 నుంచి 1851 వరకు తీసిన జనాభా లెక్కలు, వీలునామాలు చాలావరకు బూడిదయ్యాయి. అందుకే ‘మా ముత్తాత విప్లవకారుడట’ అని విన్న ఐరిష్ కుటుంబాలు చర్చి రిజిస్టర్లతో పాటు బ్రిటిష్ సైనిక ఫైళ్లూ వెతుకుతాయి.

మనవాళ్లకూ అలాంటి దారే ఉంది. తమిళనాడులోని తిరుచ్చులికి నైరుతిగా, కోవిల్‌పట్టి దాటాక వచ్చే కయత్తారులో 1799 అక్టోబరు 16న ఈస్టిండియా కంపెనీ అధికారి మేజర్ బ్యానర్‌మన్ ఉరితీయించిన పాంచాలంకురిచ్చి పాలెగాడు వీరపాండ్య కట్టబొమ్మన తెలుగు మాట్లాడే రాజకంబళం నాయకర్ల బిడ్డ. తమ్ముడు ఊమైదురై 1801 ఫిబ్రవరిలో పాళయంకోట చెర నుంచి తప్పించుకుని, కంపెనీ కూల్చేసిన పాంచాలంకురిచ్చి కోటను మళ్లీ లేపాడు! మేలో కోట కంపెనీ వశమైంది, నవంబరులో ఆయననూ ఉరితీశారు.

ఆ పోరులో ఉన్నవారిని కంపెనీ అధికారులు ద్రోహులన్నారు. అయినా ఆ అధికారుల ఉత్తరాలే ఇప్పుడు గొప్ప ఆధారం. చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు అభిలేఖాగారంలో కంపెనీ కాలపు దస్త్రాలున్నాయి. ఆంగ్లంలో పేర్లు రకరకాలుగా రాశారు కాబట్టి మనిషి పేరుతో పాటు పాలెం (పాలెగాడి ఏలుబడిలోని ప్రాంతం) పేరుతోనూ వెతకాలి.