మల్లెకు కత్తెర

గరివిడి యనగానే మాంగనీసు గనులు జ్ఞప్తికి వచ్చువారికి ఆ యూరి పెరళ్ళలోని మల్లెపొదలు స్ఫురింపవు. అది నీరు నిలువని ఎఱ్ఱనేల. మల్లె కోరునది అట్టి నేలనే. అయినను మా పెరటి పొద మూడు వసంతములు గడచినను ఒక్క మొగ్గయైనను తొడుగలేదు.

అది మా అమ్మ తన పుట్టినింటి గుండుమల్లె నుండి తెప్పించిన కొమ్మ. ఆషాఢమున వేపనీడను నాటితిని. ఏడాది పొడవునా నీరు పోసితిని. పశువుల యెరువు వేసితిని. ఆకులు మాత్రము నిగనిగలాడుచు గోడ నెక్కినవి. అప్పటికి అమ్మకు చూపు పూర్తిగా మందగించినది. "ఇంకా పుయ్యనేదేటి బాబూ?" అని ప్రతి చైత్రమునను అడిగెడిది.

ఒకనాడు పూలతోట రైతొకడు చూచి నవ్వెను. "ముద్దు సేసి సెడగొట్టీసినారు పంతులుగారూ!" అనెను. వ్యాకరణము చెప్పి బ్రదుకు నాకు ఆ వాక్యమున దోషమేమియు కనబడలేదు.

మల్లె పూయునది క్రొత్త చిగుళ్ళ మీద. ముదురుకొమ్మకు నీరెంత పోసినను ఆకే మిగులును. కావున కార్తికము వెళ్ళగానే నీరు మానవలెను. నేల యెండిన పిమ్మట పొదను మోకాలెత్తున కత్తిరించి, మిగిలిన ఆకును దూసివేయవలెను. కొన్నినాళ్ళకు పాదు త్రవ్వి, ఎరువు వేసి, అప్పుడు తిరిగి నీరు పెట్టవలెను. ఎండ చాలినంత తగులవలెను. అందులకై వేపకొమ్మలను గూడ కొన్ని నఱికించితిని. కత్తెర చప్పుడు విన్న అమ్మ ఆ దినమంతయు నాతో మాటలాడలేదు. మోడువలె నిలిచిన ఆ పొదను చూచిన నాకును గుండె జల్లుమన్నది.

ఆ దినములలోనే తరగతిలో ఒక విద్యార్థి, మల్లె వసంతమునదా గ్రీష్మమునదా యని అడిగెను. రెంటిదియు ననవలెను. ఫాల్గుణమున మొగ్గ తొడిగినను, ఎండలు ముదిరిన కొలదియు విరగబూయును. రఘువంశము పదునాఱవ సర్గలోని గ్రీష్మవర్ణనమున కాళిదాసు సాయంకాలమున విచ్చు మల్లెలను పేర్కొనెను. ఐరోపా శాస్త్రజ్ఞుడు లిన్నేయసు 1753లో దీనిని 'రాత్రిపూవు' అను అర్థముగల నిక్టాంథస్ ప్రజాతిలో చేర్చెను. 1789లో ఐటన్ దానిని జాస్మినమ్‌లోనికి మార్చెను గాని, పాతపేరు పెట్టినవాడు పొదను సందెవేళ చూచినవాడే యనిపించును.

అందుచేతనే మొగ్గను విచ్చకముందే కోయవలెను. ఫాల్గుణము చివర ఒక సాయంకాలము దీపము పెట్టకముందు కోసి తెచ్చి అమ్మ దోసిట పోసితిని. ఆమె ఒక్కొక్కదానినే వ్రేళ్ళతో తడిమి లెక్కించి, "పదకొండు" అన్నది.