ఎలుకలు తేల్చిన పంటి తగాదా

“రూట్ కెనాల్ చేసి నరం తీసేశారు. ప్రాణం లేని పన్ను లోపల కుళ్లిపోదా?” అని ఒక పాఠకురాలు అడిగారు. ఎంత మంచి ప్రశ్న!

పైన ఎనామిల్, దాని కింద డెంటిన్, నడుమ మెత్తటి గుజ్జు: ఇదీ పన్ను. వేరు కొసనున్న సన్నని రంధ్రంలోంచి రక్తనాళాలూ నరాలూ గుజ్జులోకి వస్తాయి. మనం ‘నరం’ అనేది ఈ గుజ్జునే.

మరి పిప్పి పన్నులో ఈ గుజ్జు ఎందుకు చస్తుంది? పురుగు తొలుస్తుందని పాతకాలపు నమ్మకం. సూక్ష్మదర్శినితో వెతికినా తనకు పురుగు కనబడలేదని ఫ్రెంచి దంతవైద్యుడు పియెర్ ఫోషార్ 1728లోనే రాశాడు. గట్టి గోడల మధ్య వాచిన గుజ్జు, రక్తనాళాలు నొక్కుకుపోయి తనంతట తానే చస్తుందని మరికొందరు వాదించారు.

1965లో అమెరికాలో కాకెహాషి, స్టాన్లీ, ఫిట్జెరాల్డ్ ఒక అందమైన ప్రయోగం ప్రకటించారు. కొన్ని మామూలు ఎలుకలు. కొన్ని ఒక్క సూక్ష్మజీవీ సోకకుండా పెంచినవి. అన్నిటికీ దవడపంటిలో గుజ్జు తగిలేదాకా రంధ్రం చేసి, మూయకుండా వదిలేశారు. మామూలు ఎలుకల్లో గుజ్జు కుళ్లింది, చీముగడ్డలు లేచాయి. రెండో గుంపులో రంధ్రం నిండా మేత కూరుకున్నా గుజ్జు బతికింది. బతకడమేనా, నాలుగు వారాల్లో గాయానికి అడ్డంగా కొత్త డెంటిన్ కట్టుకుంది! గాయం అదే, గోడలూ అవే, మేతా అదే. తేడా బాక్టీరియా ఒక్కటే.

రూట్ కెనాల్ కీలకమూ అదే. గుజ్జు చచ్చాక అక్కడికి రక్తం చేరదు, రక్తంతో వెళ్లే మందూ చేరదు. అందుకే డాక్టర్లు సన్నని ఆకురాళ్లతో లోపల గీకి, సోడియం హైపోక్లోరైట్‌తో కడిగి, చెట్టుపాల నుంచి వచ్చే గట్టాపర్చాతో దారి మూసేస్తారు. బాక్టీరియాకు చోటు లేని పన్ను కుళ్లదు. వేరును ఎముకకు కట్టి ఉంచే నారపోగులకు రక్తం బయటినుంచే అందుతుంది కనుక పన్ను గట్టిగానే నిలుస్తుంది.

నొప్పి బిళ్లలతో నెలలు నెట్టి, ఒకరోజు నొప్పి ఆగగానే నయమైందనుకునేవాళ్లను చూస్తే బాధేస్తుంది. తరచుగా అప్పటికి నరం చచ్చి ఉంటుంది, చీము కింద పెరుగుతూ ఉంటుంది. పుచ్చు చిన్నగా ఉన్నప్పుడే సిమెంటు పెట్టించుకోండి. బాక్టీరియాను దూరంగా ఉంచితే తనను తాను బాగుచేసుకోగల గుజ్జు అది.