చూచినదానికి అర్థమేమి?

కలగన్నవాడు తెల్లవారగానే దానిని ఇంటిలో ఎవరికో ఒకరికి చెప్పుకొనును. విన్నవారు మంచిదనియో చెడ్డదనియో చెప్పుదురు. లేదా నవ్వి ఊరకుందురు. అంతటితో ఆ కల భారము తీరును. కాని మెలకువగా నుండియే, ఒక మందు ప్రభావమువలన, కలకంటె స్పష్టమైన దృశ్యములను చూచినవాడు వానిని ఎవరికి చెప్పుకొనవలెను? అది జ్ఞానమా, భ్రాంతియా? మరునాటినుండి అతడు ఎట్లు జీవింపవలెను? పాశ్చాత్య దేశములలోని మనోవైద్యులు కొందరు ఈ ప్రశ్నలను విచారించుటనే ఒక చికిత్సగా రూపొందించినారు. దానిని వారు 'ఇంటిగ్రేషన్' అందురు. తెలుగున సమన్వయమనవచ్చును.

ఈ కథకు మొదలు స్విట్జర్లండులోని బాసెల్ నగరము. అచ్చటి సాండోజ్ మందుల సంస్థలో రసాయనశాస్త్రజ్ఞుడగు ఆల్బర్ట్ హాఫ్‌మన్ 1938లో ఎల్.ఎస్.డి. అను ద్రవ్యమును తయారుచేసెను. 1943 ఏప్రిల్ 19వ తేదీన దాని గుణము తెలిసికొనుటకై 0.25 మిల్లీగ్రాము తానే పుచ్చుకొనెను. సహాయకురాలిని వెంటబెట్టుకొని సైకిలుపై ఇల్లు చేరినాడు. పాలు తెచ్చియిచ్చిన పొరుగింటి ఇల్లాలు అతని కంటికి మంత్రగత్తెవలె కనబడెను. మతి చలించినదనియు, మరణము సమీపించినదనియు అతడు భయపడెను. వచ్చి చూచిన వైద్యునకు విప్పారిన కనుపాపలు తప్ప వేరు దోషమేదియు కానరాలేదు. మరునాటి ఉదయమున తోటలోనికి పోగా, వాన వెలిసిన చెట్లపై ఎండ పడి లోకమంతయు అప్పుడే సృష్టింపబడినట్లు తోచెను. మనుష్యుడొక్కడే, మందొక్కటే, రాత్రి నరకము, ఉదయము స్వర్గము. ఈ రెండింటిలో ఏది నమ్మదగినదో మందు చెప్పదు.

కెనడాలో పనిచేసిన హంఫ్రీ ఆస్మండ్ అను మనోవైద్యుడు 1956లో ఇట్టి ద్రవ్యములకు 'సైకడెలిక్' అను పేరు కూర్చెను. మనస్సును వెల్లడిచేయునది అని ఆ గ్రీకు పదముల భావము. కాని వెల్లడి యగుట వేరు, అర్థమగుట వేరు. ఈ భేదమును మెక్సికో కొండలలోని మజటెక్ జాతివారు చిరకాలముగా ఎరుగుదురు. వారి గ్రామములలో ఒక విధమైన పుట్టగొడుగులను రోగశాంతికై రాత్రివేళ, పెద్దల సమక్షమున, పాటలతోను ప్రార్థనలతోను సేవించు ఆచారము కలదు. అచ్చట కనబడినదానికి అర్థము చెప్పుటకు భాష యున్నది, కులదైవములున్నారు, బంధువర్గమున్నది. 1955లో గోర్డన్ వాసన్ అను అమెరికను హువాట్లా గ్రామమున మరియా సబీనా అను వైద్యురాలి సన్నిధిని ఆ రాత్రిని గడపి, 1957లో 'లైఫ్' పత్రికలో దానిని వర్ణించెను. తరువాతి సంవత్సరములలో కేవలము దృశ్యములను కోరి వచ్చినవారు ఆ గ్రామమును ముంచెత్తిరి. పుట్టగొడుగు వారికి దొరికినది. దానిచుట్టు నున్న జీవితము దొరకలేదు. వారి రాకవలన కలిగిన కష్టములలో పెద్ద పాలు ఆ వైద్యురాలికే వచ్చినది.

ఆ లోపమును వైద్యశాలలో పూరించుటకు చేసిన ప్రయత్నమే సమన్వయ చికిత్స. 1970 నాటి అమెరికా చట్టము ఈ ద్రవ్యములను నిషేధించిన పిమ్మట పరిశోధన చాలకాలము కుంటుపడినది. 2006లో జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయమున రోలండ్ గ్రిఫిత్స్ బృందము ఒక పరిశోధనను ప్రకటించెను. ఆ పుట్టగొడుగులలోని సైలోసిబిన్ అను పదార్థమును 36 మంది ఆరోగ్యవంతులకు ఇచ్చిరి. మూడింట రెండు వంతులమంది దానిని తమ జీవితమందలి అత్యంత సార్థకములైన ఐదు అనుభవములలో చేర్చిరి. అయితే 11 మంది తీవ్రమైన భయమును పొందిరి. వారెవరును ఒంటరిగా విడువబడలేదు. ముందు పరిచయము, మందు పనిచేయునంతసేపు తోడు, తరువాత సంభాషణ అను మూడు అంగములు ఆ ఏర్పాటులో నుండెను. 2016లో ఆ విశ్వవిద్యాలయమే 51 మంది కాన్సరు రోగులపై జరిపిన పరిశోధనను వెల్లడించినది. ఆరు మాసముల తరువాత సుమారు నూటికి ఎనుబదిమందిలో దిగులు, మరణభయము తగ్గియుండెను.

ఈ మూడవ అంగము పైకి చాల సామాన్యముగా కనబడును. అనుభవము జరిగిన ఒకటి రెండు దినములలో వైద్యుడు మొదట ఏ వ్యాఖ్యానమును చేయక వినును. చూచినది చూచినట్లు చెప్పుమనును, వ్రాయుమనును, కొందరిని బొమ్మ గీయుమనును. మరణించిన తల్లి కనబడినదని ఒకడు చెప్పినచో, ఆమె నిజముగా వచ్చినదా యని వాదింపడు. ఆమెతో చెప్పవలసి మిగిలిపోయిన మాట యేమని అడుగును. ఉద్యోగము విడుతును, సంసారము వదలుదును అన్నవానిని కొన్ని వారములు ఆగుమనును. అందరిని ప్రేమింపవలెనని తెలిసినదన్నవానిని, మాటలు లేని తమ్మునికి ఈ వారము ఉత్తరము వ్రాయుదువా యని ప్రశ్నించును. పాఠమును విన్న విద్యార్థి దానిని స్వంత మాటలలో చెప్పి, ఒక లెక్కనైనను తానై చేసిననాడు గదా చదువు వంటబట్టుట! భయము వీడకున్నను, నిద్ర పట్టకున్నను, లేని మాటలు వినవచ్చుచున్నను మాత్రము సంభాషణ చాలదు, వైద్యము కావలెను. ఉన్మాదరోగము గల కుటుంబములవారిని ఈ పరిశోధనలలో సాధారణముగా చేర్చుకొనకపోవుటకు కారణ మిదియే.

ఈ పద్ధతికి గల పెద్ద అపాయము మందులో కాక, అర్థము చెప్పువానియందున్నది. అట్టి స్థితిలో మనస్సు మెత్తని మట్టివంటిది. ఎవరు నొక్కినను ముద్ర పడును. వైద్యుని మతము రోగికి దర్శనముగా తోచవచ్చును. జరుగని బాల్యబాధ జరిగినట్లు జ్ఞాపకము రావచ్చును. నమ్మి కన్నులు మూసికొన్నవారిపట్ల హద్దు మీరిన చికిత్సకుల ఉదంతములును బయటపడినవి. అందుచేత మంచి చికిత్సకుని ప్రథమ గుణము పాండిత్యము గాదు, సంయమము. అర్థము రోగిసొత్తు, దానిని అతడే వెదకికొనవలెను.

ప్రభుత్వములును జాగ్రత్తగానే అడుగు వేయుచున్నవి. ఆస్ట్రేలియా 2023 జూలైనుండి అనుమతి పొందిన మనోవైద్యులు కొన్ని వ్యాధులకు వీనిని వాడుటకు అంగీకరించినది. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2024 ఆగస్టులో ఎం.డి.ఎం.ఎ. అను సంబంధిత ద్రవ్యమునకు అనుమతి నిరాకరించి, మరియొక పరిశోధన జరుపుమన్నది. భారతదేశమున 1985 నాటి మాదకద్రవ్యముల చట్టము ఎల్.ఎస్.డి.ని, సైలోసిబిన్‌ను నిషేధించుచున్నది.

హార్వర్డు విశ్వవిద్యాలయమున మనస్తత్వశాస్త్రము బోధించిన రిచర్డ్ ఆల్పర్ట్ ఈ ద్రవ్యములను అనేక పర్యాయములు సేవించినవాడు. ఎంత ఎత్తునకు ఎగసినను మరల పాత మనస్సులోనికే దిగవలసివచ్చుచున్నదని విసిగి 1967లో హిందూదేశమునకు వచ్చెను. హిమాలయ ప్రాంతమున నీమ్ కరోలీ బాబాను ఆశ్రయించి రామదాసు అను పేరు పొందెను. పిదప మరణశయ్యపై నున్నవారికి తోడుగా నిలుచు పనికి పూనుకొనెను. 1978లో 'సేవా' అను సంస్థను స్థాపించినవారిలో ఒకడయ్యెను. భారత, నేపాళ దేశములలో అంధత్వ నివారణకు ఆ సంస్థ పాటుపడినది. ఆయన ఒకప్పుడు చూచిన వెలుగులు ఎట్టివో ఇతరులకు తెలియదు. కంటి శుక్లము తీయించుకొని బిడ్డల ముఖములను మరల చూచిన పేదవారికి మాత్రము, వాని ఫలము తెలిసినది.