రేగడి దారికి రెండవ బండి

మా యింట ఒక చిన్నకారు కలదు. కళాశాలకును అంగడికిని అది చాలును. చాలనిది మా అమ్మగారి యూరికి మాత్రమే. పల్నాటి నల్లరేగడిలో, తారురోడ్డు విడిచిన పిమ్మట నాలుగు కిలోమీటర్ల డొంకదారి. వేసవిలో అది రాజమార్గము. రెండు వానలు పడినచో దిగబడిన చెప్పు తిరిగి రాదు. క్రిందటి శ్రావణమున అమ్మకు జ్వరము తీవ్రమైనదని కబురు రాగా, కారును రోడ్డుపై నిలిపి నడచిపోతిని. 81 ఏండ్ల ఆమెను ట్రాక్టరు తొట్టిలో గడ్డి పరచి తీసికొని వచ్చితిమి. గంటకు పైగా పట్టినది. దారి పొడుగునను ఆమె మూల్గలేదు. అదియే నన్ను ఎక్కువ బాధించినది.

నాలుగు చక్రములకును యంత్రబలమందు పాతబండి యొకటి కొనవలెనని నిశ్చయించితిని. క్రొత్తది నా జీతమునకు అందదు. "నెలకు రెండుసార్లు పోయే ఊరికి ఇంకొక బండా? అత్తయ్యగారినే ఇక్కడ ఉంచుకోరాదూ?" అని మా ఆవిడ అడిగినది. ఆ ప్రశ్నకు సమాధానము నావద్ద లేదు, అమ్మవద్ద కలదు. ఆమె రాదు.

ఇట్టి బండ్లనన్నిటిని మన పల్లెలవారు జీపులనియే పిలుతురు. తెలుగు చెప్పువానికి ఆ మాటవద్ద కొంచె మాగవలె ననిపించును. 1940లో అమెరికా సైన్యము కోరగా, బాంటం అను చిన్న సంస్థ 49 దినములలో మొదటి నమూనాను నిర్మించి యిచ్చినది. పేరు ఎట్లు వచ్చినదన్న తగవు మాత్రము నేటికిని తీరలేదు. 1936 నాటి పొపాయ్ బొమ్మకథలోని వింతజంతువు పేరని కొందరు, సైనిక సంకేతాక్షరముల యుచ్చారణమని కొందరు. మనము తుదిని ఒక ఉకారము చేర్చి దానిని మన సొంతము చేసికొంటిమి.

రూపము చూచి మోసపోరాదు. ఎత్తుగా, బలిష్ఠముగా కనబడు బండ్లలో పెక్కింటికి రెండు చక్రములకే బలమందును. నాలుగింటికి అందినను నాలుగును లాగునను నమ్మకము లేదు. ఇరుసు నడుమనుండు డిఫరెన్షియల్, మలుపులో వెలుపలి చక్రము ఎక్కువ తిరుగుటకు వీలు కల్పించును. మలుపులో అది ఉపకారి, బురదలో అపకారి. పట్టుదప్పిన చక్రమే గిరగిర తిరుగును, పట్టున్నది కదలదు. ముందొకటి, వెనుకొకటి అట్లు జారినచో ఆ బండియు దిగబడవలసినదే. మా భౌతికశాస్త్ర మిత్రుడు సుద్దముక్కతో గీచి చూపువరకు ఈ మర్మము నాకు తెలియదు.

మొదట చూచిన బండి క్రొత్తపెండ్లికొడుకువలె మెరయుచుండెను. నా వెంట వచ్చిన ముసలి మెకానిక్కు గోనెపట్టా పరచుకొని దాని క్రింద పండుకొనెను. "రంగు చూడకండి మాష్టారూ, అడుగు చూడండి" అనెను. స్క్రూడ్రైవరుతో పొడువగా త్రుప్పు పొరలుపొరలుగా రాలినది. గేరుపెట్టె బిరడా విప్పగా వచ్చిన నూనె పాలు కలిపిన కాఫీవలె నుండెను. "ఏదో వాగులో ముంచారు, నీళ్లు పోయినయ్" అని చేతులు తుడుచుకొనెను. అమ్మకపుదారు మాటాడలేదు.

రెండవది సొట్టలు పడిన 2012 నాటి జిప్సీ. పౌరులకు క్రొత్తగా దొరకుట 2019 నాటికే నిలిచిపోయినందున దీనికి గిరాకి తగ్గలేదు. మెకానిక్కు గట్టినేలపై చిన్నకఱ్ఱ లాగి, స్టీరింగు పూర్తిగా త్రిప్పి, నాలుగు గజములు నడపెను. బండి బిగిసికొనెను. మలుపులో ముందు చక్రములు వెనుకవానికంటె ఎక్కువ దూరము పోవలెను. రెండిరుసులును ఒకే వేగమునకు బంధింపబడినవి గనుక పెనుగులాట. "బిగిసిందా? అయితే పనిచేస్తోంది" అని వెంటనే వదలించెను. గట్టిరోడ్డుపై అట్లు నడిపినచో లోపలి పండ్లకు చేటు.

టైర్లలో మూడింటిపై 2319 అని యుండెను. 2019వ సంవత్సరపు 23వ వారమున తయారైనవని యర్థము. నాలుగవది వేరు కొలతది. ఇట్టి బండికి అదియును హానియే, ఆ మేరకు వెల తగ్గించితిమి. ఇంజను, ఛాసీ అంకెలను నేను, ప్రాచీనశాసనము చదువునట్లు, అక్షరమక్షరము రిజిస్ట్రేషను పత్రముతో సరిచూచితిని. పదునైదేండ్లు నిండగానే పరీక్షచేయించి, మరల అయిదేండ్లకు పత్రము పొడిగించుకొనవలెనని లెక్క వేసికొంటిని. మూడు నెలల జీతము పోయినది.

తొలకరి పడిన మూడవనాడు డొంకలో పోతిని. రెండుచోట్ల జారినది గాని ఆగలేదు. అమ్మ గుమ్మములోనికి వచ్చి, బండినొకమారు, నన్నొకమారు చూచి, కాలెత్తబోయి దించినది. ఇరుసు మొదలు టైరు అంకెవరకు అన్నియు పరీక్షించితిని; మెట్టెత్తు పరీక్షింపలేదు. వంటింటిలోని మజ్జిగ చిలుకు పీట తెచ్చి వేసితిని.

ఆ పీట ఇప్పుడు బండిలోనే యుండును.