పడిన మాను ఎవరిది?



నౌపడ ఉప్పు మడులు దాటి పలాస, మందస, సోంపేట, కవిటి వైపు వెళ్ళేకొద్దీ కొబ్బరి, జీడిమామిడి, పనస చెట్లు దట్టమవుతాయి. ఇదే మన ఉద్దానము. చూసేవారికి అడవిలా ఉంటుంది గాని, ఇందులో ఎక్కువ భాగము ఎకరము, అరెకరము గల రైతు కుటుంబముల తోటలే. ఒక్కొక్కటి చిన్నది. అన్నీ కలిసి సముద్రపు గాలికి అడ్డుగా నిలుస్తాయి.

2013 అక్టోబరులో ఫైలిన్, 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ ఈ తోటలను కొట్టాయి. తిత్లీ పలాస సమీపాన తీరము దాటినప్పుడు గాలి వేగము గంటకు 140-150 కిలోమీటర్లు. తాతలు నాటిన చెట్లు కొన్ని గంటలలో ఒరిగిపోయాయి. వరి పోతే వచ్చే ఏడు మరల వేసుకోవచ్చు. నాటు కొబ్బరి కాపుకు రావాలంటే ఆరేడు సంవత్సరములు, అంటు జీడిమామిడికైనా మూడు నాలుగు సంవత్సరములు కావాలి. అంతవరకు ఆ ఇల్లు ఏమి తినాలి? తోట అమ్ముకొని వలస పోదామనే ఆలోచన ఇక్కడే పుడుతుంది.

నష్టపరిహారము గురించి అందరూ మాట్లాడతారు. మాకు పడిన మాను సంగతి అంతకన్నా ముఖ్యమనిపిస్తుంది. రంపము కూలి ఇచ్చుకోలేని విధవరాలి తోటలో మానులు అలాగే పడి ఉంటాయి. కుళ్ళిన కొబ్బరి మానులోను, పెంటకుప్పలోను కొమ్ము పురుగు గుడ్లు పెడుతుంది. ఎదిగిన పురుగు ఎగిరివెళ్ళి నిలిచిన చెట్ల మొవ్వును తొలుస్తుంది. లేత మొక్క అయితే చచ్చిపోవచ్చు. ఆ గాయముల దగ్గరకు ఎర్రముక్కు పురుగు చేరుతుంది. గనుక "వారి చెట్టు, వారి కర్మ" అంటే కుదరదు. (కర్మను నమ్మని మనము కూడా ఆ మాట అనేస్తుంటాము!) యవ్వనస్థులు ఒక శనివారము గొడ్డళ్ళు, రంపము పట్టుకొని వెళ్ళి ఆ మానులను ముక్కలు చేస్తే వంటచెరకవుతుంది. పెంటకుప్పను తిరగవేసి తెల్లని లావు పురుగులను ఏరివేయాలి. కోళ్ళకు అది పండుగే.

జీడిమామిడి విరిగినంత మాత్రాన పెకలించనవసరము లేదు. విరిగిన కొమ్మలను నున్నగా కోసి బోర్డోపేస్టు పూస్తే మొదలు చిగురిస్తుంది. ఆ చిగుళ్ళపై మంచి రకము అంటు కట్టవచ్చు.

సముద్రము వైపు సరుగుడు, తాటి, మొగలి వరుసలు ఉండాలి. సరుగుడు నాలుగైదేళ్ళకే డబ్బిస్తుంది గనుక ఒకేసారి నరకబుద్ధి అవుతుంది. తీరము వైపు రెండు మూడు వరుసలు ఉంచి, తక్కినది వంతులవారీగా నరకమని మా సలహా. అవసరములో ఉన్నవానికి సలహా చెప్పడం సులభమే. ఆగినవాని ఇంటికి ఆ ఏడు బియ్యమో, పిల్లల ఫీజో సంఘము పంపితే ఆ సలహాకు విలువ ఉంటుంది.

లేవీయకాండము 19వ అధ్యాయము చూడండి. నాటిన చెట్టు ఫలము మూడేళ్ళు తినకూడదు, నాలుగవ ఏటిది దేవునికి, ఐదవ ఏటినుండి నాటినవానికి. ఎదురుచూపు ఎంత పొడవో ధర్మశాస్త్రమే ఎరిగి ఉన్నది. కోతపండుగనాడు రైతు తెచ్చిన కొబ్బరికాయలను మనము సంతోషముగా వేలము వేస్తాము. కాయలు తేలేని సంవత్సరములలో ఆయన గుడిలో ఏ మూల కూర్చున్నాడో చూశామా?

కొబ్బరికి మూడడుగుల గొయ్యి, చెట్టుకూ చెట్టుకూ 8 మీటర్ల ఎడము చాలు. కాపు వచ్చేవరకు మధ్యలో అరటి, మునగ వేసుకోవచ్చు. స్త్రీల సమాజమువారు మంచి తల్లి చెట్ల కాయలు ఏరి ఇప్పుడే నారుమడిలో పెడితే, వచ్చే ఏడు తొలకరికి మొక్కలు చేతికి వస్తాయి. మొదటి మొక్కలు ఎవరి తోటకు వెళ్ళాలో సంఘ పెద్దలు ముందే పేర్లు రాసుకోవాలి.